పిడికెడు బియ్యం విమలమ్మ

విమలమ్మకు కోపం ఎక్కువని మా చర్చి సంఘంలో అందరూ అంటారు. నన్నడిగితే చాల్లేదంటాను. ఆవిడకు ఇంకాస్త కోపమూ, మిగతా మా అందరికీ ఇంకాస్త సిగ్గూ ఉండి ఉంటే పోయిన నవంబరులో మా గుడిలో జరిగింది జరిగేది కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది.

నేను గోపాలపట్నంలో మా చర్చి నడిపే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీని కూడా. సెక్రటరీ అంటే పెద్ద పదవి అనుకునేరు. మగవాళ్ళ కమిటీ తీర్మానాలు చేస్తుంది, మేం లోపలికి టీలు పంపిస్తాం. విమలమ్మకు ఆ మాత్రం పదవి కూడా లేదు. ద్వారకా నగర్లో కోచింగుకొచ్చిన ఆడపిల్లలుండే ఒక హాస్టల్లో వంటమనిషి. తెల్లారకముందే సిటీ బస్సెక్కి వెళుతుంది, మధ్యాహ్నం దాటాక మళ్ళీ బస్సులో నిలబడి వస్తుంది. అలా నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. మొగుడు పోయి చాలాకాలమైంది. కొడుకు డానీ లారీల మెకానిక్కు. కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉంటారు. ఆవిడ నోటికి జడిసి ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటారు.

కానీ మా సంఘంలో పిడికెడు బియ్యం అంటే విమలమ్మే. ఈ ఆచారం తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా ఆడవాళ్ళు వంటకు కొలుచుకున్న బియ్యంలోంచి, కడగబోయే ముందు, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటకో పిడికెడు. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో తెచ్చి గుడిలో ప్రభు భోజనపు బల్ల ముందున్న గంపలో పోస్తారు. ఆరాధన అయ్యాక వాటిని అమ్మి ఆ డబ్బు సంఘానికి జమ చేస్తారు. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే ఇది. కానుక వెయ్యడానికి వాళ్ళ చేతుల్లో డబ్బులాడేవి కావు, కూలికిచ్చిన బియ్యం ఉండేవి. ఆ బియ్యంతోనే మా స్కూలు పుట్టింది. తాటాకుల పాక, అయిదో తరగతి దాకా చదువు. మన పిల్లలు పలక పట్టుకుంటే చాలని వాళ్ళు కడుపు మాడ్చుకుని పెట్టిన బడి.

ఇప్పుడది మేడ. ఇంగ్లీషు మీడియం, టైలు, బెల్టులు, క్లాసుకో డిజిటల్ తెర, గేటు ముందు పసుపు బస్సులు. తప్పంటున్నానా? అనను. టీచర్లకు జీతాలివ్వాలి, నాకూ ఇచ్చారు. కానీ ఏటా ఫీజు పెంచుకుంటూ పోయేసరికి, ఎవరి అమ్మమ్మల బియ్యంతో పునాది పడిందో వాళ్ళ మనవలే బయట మిగిలారు. అలా మిగిలినవాళ్ళకు కడదామని బియ్యం డబ్బుకు ‘ఫీజు సాయం’ అని పేరు పెట్టారు. బియ్యం తెచ్చేది ఆడవాళ్ళు. అది ఎవరికివ్వాలో తేల్చేది కమిటీ.

ఈ ముక్క తలుచుకుంటే చాలు, విమలమ్మకు పూనకం వస్తుంది. “మన బియ్యం తినీసి మన పిల్లల్నే తోలేత్తన్నారు టీచరమ్మా! ఇదేటి న్యాయం?” అని నేనే తోలేసినట్టు నా మీద అరుస్తుంది. శనివారం సాయంత్రం సంచి పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. బియ్యం తక్కువ కనిపిస్తే “ఏటే, ఈ వారం నీ సెయ్యి సిన్నదైపోనాదేటి?” అని వాకిట్లోనే దులిపేస్తుంది. ఒకసారి హాస్టలు ఓనరు ఆవిడ తిరుగుడు చూసి జాలిపడి, “ఇక్కడి బస్తాలోంచే ఓ డబ్బా పట్టుకెళ్ళమ్మా, ఎవరు చూస్తారు?” అన్నాడట. “సూసేవోడికే కదా బాబూ ఇత్తన్నాను” అందట ఈవిడ. ఆ మాట నాకు ఓనరే చెప్పాడు.

మా వీధి చివర జ్ఞానదాసు కుటుంబం ఉంటుంది. అతను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. వేసవిలో అక్కడ ఒక యూనిట్ మూసేసి కాంట్రాక్టు వాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఎందుకంటే ఈ మహానుభావుడు పొద్దున్నే అదే కంపెనీ చొక్కా తొడుక్కుని, అదే క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు. వీధంతా డ్యూటీకనే అనుకున్నాం. ఎక్కడో గోడౌన్లో మూటలు దించుతున్నాడు, అదీ దొరికిన రోజున. వాళ్ళమ్మాయి ఫ్లోరా పదో తరగతి. నా దగ్గర చదువుకున్న పిల్లే. చక్కటి దస్తూరీ. నోట్లోంచి మాట మాత్రం ఊడి రాదు.

అక్టోబరు చివర ఒక శనివారం విమలమ్మ, నేను బియ్యం కోసం వెళ్ళినప్పుడు జ్ఞానదాసు భార్య పుష్ప మమ్మల్ని పెరట్లోకి లాక్కెళ్ళి ఏడ్చేసింది. “పిన్నీ, పదో తరగతి పరీక్షకి పేరు పంపాలంటే పాత ఫీజంతా కట్టాలంటన్నారు. నవంబరాకరికి కట్టకపోతే పేరు పంపరంట. ఈయనకి పని పోయి ఆర్నెల్లవతన్నాది. నాను నీకు సెప్పినానని తెలిస్తే సంపేత్తాడు.”

“సంపడానికి ఆడి ఒంట్లో ఓపికేటున్నాది? ముందు ముక్కు తుడుసుకో” అంది విమలమ్మ. అని, అప్పటికప్పుడు నన్ను తీసుకుని కొండలరావు గారింటికి బయల్దేరింది.

కొండలరావు గారు సంఘం కమిటీ పెద్ద. స్కూలుకు కరెస్పాండెంటూ ఆయనే. చెడ్డమనిషి కాదు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన అంతా విని, “అయ్యో పాపం, అలాగా? ఈసారి కోత పండుగ వేలం డబ్బంతా ఫీజు సాయానికే అనుకున్నాం. పండుగ కాగానే మొదట ఈ పిల్లదే చూద్దాం” అన్నారు. విమలమ్మ దారంతా స్తోత్రాలు చెప్పుకుంటూ నడిచింది. నాకూ గుండె తేలికైంది.

కోత పండుగ అంటే కోతలేమీ లేవు. మా సంఘంలో పొలమున్నవాళ్ళు ఎవరు? రైతుబజారులో కొన్న గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, ఇంట్లో కాల్చిన కేకులు తెచ్చి గుడిలో బల్ల ముందు పెడతారు. ప్రార్థన చేసి వాటిని వేలం వేస్తారు. బజారు ధరకు ఎవరూ పాడరు. పైన పెంచేదంతా దేవుడికని లెక్క. అక్కడికక్కడ కట్టనక్కర్లేదు, క్రిస్మస్ లోపల కడితే చాలు. అందుకే ఆ రోజు మా మగవాళ్ళ నోళ్ళకు పట్టపగ్గాలుండవు. మొదట వేలం వేసేది గుమ్మడికాయ. ఫ్లోరా పుట్టిన ఏడు, ఆడపిల్ల పుట్టిందన్న సంతోషంలో, జ్ఞానదాసు ఆ మొదటి కాయ పాడుకున్నాడు. అప్పటి నుంచీ ఏటా అది అతనిదే. ఇంకెవరైనా ధర పెంచుతారంతే, తీసుకెళ్ళేది అతనే.

ఈసారి జ్ఞానదాసు వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. బిల్డింగు కాంట్రాక్టరు జగ్గారావు గుమ్మడికాయకు ఒక మాట అన్నాడు. ఎవరూ పెంచలేదు. పోతే పోనీ, గండం గడిచిందనుకున్నాను. వేలం వేసేది కొండలరావు గారు. ఆయన చేతికి మైకు వస్తే ఇంకేదీ గుర్తుండదు.

“ఏంటి జ్ఞానదాసూ, ఈ ఏడు నోరు పెగలడం లేదు? కంపెనీ బోనస్ ఇవ్వలేదా?” అన్నారు నవ్వుతూ.

గుడంతా నవ్వింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. జ్ఞానదాసు చెయ్యి పైకి లేచింది. జగ్గారావు పెంచాడు. ఇతనూ పెంచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి విమలమ్మ దగ్గింది. చెయ్యి ఊపింది. కళ్ళురిమింది. అతను చూస్తేనా! చివరికి ఆవిడ ఉండబట్టలేక లేచి నిలబడి, “సాల్లేరా దాసూ! గుమ్మడికాయకి ఇంతేటి? కూకో!” అని అరిచేసింది.

జగ్గారావు పళ్ళికిలించి, “ఏటి బావా, అత్త ఒద్దంటన్నాది. ఒగ్గేత్తావా మరి?” అన్నాడు.

అప్పుడు జ్ఞానదాసు ఒక మాట అన్నాడు. ఆ అంకె ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ డబ్బుకు సన్నబియ్యం బస్తా వచ్చి ఇంకా మిగులుతుంది. జగ్గారావు దండం పెట్టేశాడు. చప్పట్లు మోగాయి. జ్ఞానదాసు ముందుకొచ్చి కాయను భుజానికెత్తుకుని గుడి మధ్యలోంచి తలెత్తుకుని నడిచి వెళ్ళాడు. పుష్ప తల కొంగులో దాచుకుంది. ఫ్లోరా మాత్రం విమలమ్మ వంకే చూస్తోంది.

“నా నోరు పడిపోనూ! నానరవకపోతే ఆడు ఊరుకునీవోడేమో” అని విమలమ్మ ఇంటికి చేరేదాకా నెత్తి కొట్టుకుంది. ఊరుకునేవాడు కాదని నేనన్నాను. నిజంగా నాకు తెలియదు.

ఆ వారంలోనే కమిటీ మా ఇద్దర్నీ పిలిచింది. కొండలరావు గారు ఉన్నారు, పాస్టరయ్యగారు ఉన్నారు, ఇంకా నలుగురు పెద్దలున్నారు.

“గుమ్మడికాయకు అంత పాడినవాడు కూతురి ఫీజు కట్టుకోలేడా అమ్మా? నిజంగా లేనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు. రేపు వాళ్ళడిగితే ఏం చెప్పమంటారు?” అన్నారు కొండలరావు గారు.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి! ఇలాంటి న్యాయం వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

“ఆడికి పని నేదని నాను మీకు ముందే సెప్పినాను కదా బాబూ! మైకులో ఎగదోసింది మీరు కాదేటి? ఆ పాట కొట్టేయండి. కాయ నానే తెచ్చి ఇక్కడెడతాను” అంది విమలమ్మ.

“దేవుని సన్నిధిలో పాడింది కొట్టేస్తే ఎలాగమ్మా? రేపు అందరూ అదే పని చేస్తారు” అన్నారు ఒక పెద్దాయన. కాసేపు వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. చివరికి కొండలరావు గారే ఒక దారి చెప్పారు. ఆదివారం సాక్ష్యాల సమయంలో జ్ఞానదాసు లేచి తన ఇబ్బంది సంఘం ముందు చెప్పుకోవాలి. అప్పుడు వేలం బాకీ మాఫీ చేస్తారు, ఫీజూ ఇస్తారు.

సాక్ష్యమంటే మా గుళ్ళలో, జ్వరం తగ్గిందనో ఉద్యోగం వచ్చిందనో మనిషి తనంతట తాను లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం. మంచి ఆచారం. ఈమధ్య దాన్ని ఫీజు సాయం తీసుకునేవాళ్ళందరికీ తప్పనిసరి చేసేశారు. పిల్లనో పిల్లాణ్ణో పక్కన పెట్టుకుని తల్లిదండ్రులు ముందుకొచ్చి మాట్లాడాలి. దాన్ని ఫోన్లో వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇచ్చేవాళ్ళకు హుషారొస్తుందట.

“అంటే అందరి ముందూ అడుక్కోమంటన్నారు” అంది విమలమ్మ.

“అడుక్కోవడం కాదు సహోదరీ, దేవుని ముందు తనను తాను తగ్గించుకోవడం” అన్నారు అయ్యగారు.

“మీలో ఎవరు ఎప్పుడు తగ్గించుకున్నారు బాబూ? ఆ పాక కాణ్ణుంచి మేడ దాకా బియ్యం మోసినోళ్ళం మేం తగ్గీ తగ్గీ నేలకి అంటుకుపోనాం!”

సెక్రటరీగా నేను ఆవిణ్ణి ఆపాలి. ఆపలేదు. టీలు కూడా ఇవ్వకుండా బయటికొచ్చేశాం.

సాయంత్రం జ్ఞానదాసు ఇంటికి వెళ్ళాం. కాయ కొయ్యకుండా టీవీ పక్కన పెట్టి ఉంది. విమలమ్మ కూర్చోకుండానే కమిటీ మాట చెప్పింది. అతను పుష్ప వంక ఒక చూపు చూశాడు. అరవలేదు.

“నాను రాను అత్తా. నా కూతురి ఫీజు నానే కడతాను” అన్నాడు.

“దేంతో కడతావు, గుమ్మడి గింజల్తోటా?”

“క్రిస్మస్‌కి కాయ డబ్బు కట్టేత్తాను. అందరి ముందూ పాడీసినాను కదా. ఫీజు సంగతి ఆ తరవాత సూత్తాను.”

“ఆ తరవాతేట్రా? పేరు ఈ నెలాకరికి ఎల్లిపోవాల! ఒరే, నువ్వు కట్టే కాయ డబ్బు ఎల్లేది ఫీజుల్లోకే. ఆ ఫీజు గావాల్సింది నీ కూతురికే. నీ డబ్బు ఎవుడి పిల్లకో కట్టి, నీ పిల్లని ఇంట్లో కూకోబెడతావేటి? బుర్రుందా నీకు?”

జ్ఞానదాసు గొంతు తగ్గించి, “కంపెనీ గేటు కాడ మమ్మల్ని ఆపీసి, లోపలికి రాకండని సెప్పినారు అత్తా. బయటెక్కడికెల్లినా అంతే. గుళ్ళో ఒక్క సోట నన్నింకా మనిషిలా సూత్తన్నారు. అదీ లాగేసుకుంటారేటి?” అన్నాడు.

విమలమ్మ మీద కోప్పడాలో, అతని మీద కోప్పడాలో నాకు తోచలేదు. “పరువు నీది, పరీక్ష ఆ పిల్లది. ఆలోసించుకో” అని ఆవిడ బయటికి నడిచింది. లోపలి గదిలో ఫ్లోరా పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. అంతా వినే ఉంటుంది. ఆ ఇంట్లో వినపడకుండా ఉండేంత దూరం ఎక్కడుంది గనక?

దారిలో విమలమ్మ ఆగిపోయింది. “ఆదోరం నానే లేత్తాను టీచరమ్మా. ఫీజడిగింది నాను, సాక్ష్యం నాది అంటాను. నా నోటి మూలాన్నే ఆ పాట పైకెళ్ళింది, కాయ డబ్బు నెలనెలా నా కాడ పట్టుకోమంటాను. ఆడి పేరే ఎత్తను. అప్పుడేటంటారో సూద్దుం.”

నాకు చాలా నచ్చింది. ఆ రెండు రోజులూ ఆవిడ ఇంట్లో అద్దం ముందు నిలబడి మాట్లాడుకుంటోందని డానీ వచ్చి నాకు చెప్పాడు. గుళ్ళో అరవడమే తప్ప, మైకు పట్టుకోవడం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

ఆదివారం అయ్యగారు “సాక్ష్యాలున్నవారు ముందుకు రావచ్చు” అన్నారు. విమలమ్మ ముందు బెంచీ పట్టుకుని లేవబోయింది. ఆ దిక్కుమాలిన మోకాళ్ళు ఒక పట్టాన లేవనిస్తేనా? నేను రెక్క పట్టుకున్నాను. ఆవిడ నిలబడి కొంగు సర్దుకునేలోగా, ముందు చాపల మీద కూర్చున్న పిల్లల్లోంచి ఫ్లోరా లేచి వెళ్ళి మైకు పట్టుకుంది.

“మా నాన్నకి పని లేదు” అంది. ఆగి మళ్ళీ మొదలెట్టింది. “వేసవి నుంచీ లేదు. మేం ఎవరికీ సెప్పలేదు. గుమ్మడికాయ, డబ్బులుండి పాడలేదు. అందరూ ఎనక్కి తిరిగి సూసారని పాడారు. మా కాడ ఫీజుకి డబ్బుల్లేవు. నా పేరు పరీక్షకి పంపండి.”

వెనక బెంచీ చప్పుడైంది. జ్ఞానదాసు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

“హల్లెలూయ!” అన్నారు కొండలరావు గారు. “చూశారా, చిన్నబిడ్డ ఎంత ధైర్యంగా సాక్ష్యమిచ్చిందో!” చప్పట్లు మొదలయ్యాయి. ఒకావిడ కళ్ళొత్తుకుంది. గ్రూపులో వీడియోలు పెట్టే పెద్దమనిషి ఫోను ఎత్తి పట్టుకుని ఇంకా తీస్తూనే ఉన్నాడు. ఈలోగా విమలమ్మ కుంటుకుంటూ అక్కడికి చేరింది.

“ఆపండి సప్పట్లు! సిగ్గు నేదూ?” అని అరిచింది. ఆ మాట మైకులో పడి బయట రోడ్డు దాకా వినపడింది. ఫోను పట్టుకున్నాయన చెయ్యి దొరకబుచ్చుకుని, “తీసెయ్. నా కళ్ళ ముందే తీసెయ్” అంది. ఆయన తీసేశాడు. అయ్యగారు కంగారుగా పాట ఎత్తుకున్నారు. అందరం పాడాం.

కమిటీ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. వేలం బాకీ మాఫీ అయింది, ఫీజు జమ అయింది, పేరు వెళ్ళింది. ఫ్లోరా పరీక్షలు రాసింది. జ్ఞానదాసు మాత్రం ఆ ఆదివారం తర్వాత మళ్ళీ గుడి గుమ్మం తొక్కలేదు. అయ్యగారు రెండుసార్లు వెళ్ళి పిలిచి వచ్చారు. ఇన్ని బియ్యం మోసి, ఇన్ని ప్రార్థనలు చేసి, ఒక పిల్లకు ఫీజు కట్టడానికి ఆ పిల్ల చేతే తండ్రి పరువు తీయించాం. ఇంతకన్నా తేలిక దారి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఫ్లోరా సాక్ష్యం చెప్పిన రోజు, ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయారు. విమలమ్మ, నేను గంపలో బియ్యం బస్తాలోకి ఎత్తుతున్నాం. ఫ్లోరా వచ్చి మా పక్కన నిలబడింది.

“మామ్మా, ఇంక నా పేరు పంపుతారు కదా?”

“పంపుతారమ్మా. పంపక సస్తారా?” అంది విమలమ్మ.

పిల్ల తలూపింది. వెళ్ళలేదు. కాసేపు బియ్యం వంక చూస్తూ నిలబడి, “నాన్న లేచి ఎల్లిపోతంటే నాను సూసాను మామ్మా. సూసి కూడా ఆపలేదు. మద్దిలో ఆపీస్తే పేరు పంపరేమోనని మొత్తం సెప్పీసినాను” అంది.

విమలమ్మ చేతిలో చేట కింద పెట్టేసి పిల్లను దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం, మొగుడు పోయినప్పుడు కూడా చూడలేదు. ఏడుస్తూనే కమిటీని తిట్టింది, అయ్యగారిని తిట్టింది, జ్ఞానదాసును తిట్టింది, నన్ను తిట్టింది, తనను తాను తిట్టుకుంది. అయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.